మోకాళ్ల నొప్పి: ఇంట్లో చేస్తున్న వాటిలో ఏవి ఉంచాలి, ఏవి ఆపాలి?

మెట్ల_మీద (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమ్మ కోసం అడుగుతున్నాను. వయసు 61, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. రెండు మోకాళ్లూ నొప్పే, కుడివైపు ఎక్కువ. మెట్లు దిగేటప్పుడు, తక్కువ ఎత్తు సీటు మీంచి లేచేటప్పుడు బాగా తెలుస్తుంది. పొద్దున లేవగానే పది నిమిషాలు పట్టేసినట్టుండి తర్వాత సర్దుకుంటుంది. ఎరుపు లేదు, జ్వరం లేదు. సాయంత్రానికి కుడి మోకాలు కాస్త ఉబ్బుతుంది. ఎక్స్‌రే చూసిన డాక్టర్ అరుగుదల మొదలైందనీ, ఆపరేషన్ అవసరం లేదనీ చెప్పారు.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతుంది. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర.

ప్రస్తుతం ఇంట్లో నడుస్తున్నవి ఇవీ:

– రాత్రి గ్లాసు పాలలో అర టీచెంచా పసుపు.
– నొప్పి బామ్ దట్టంగా రాసి, పైన హీటింగ్ ప్యాడ్ చుట్టుకుని అలాగే నిద్రపోవడం. మోకాళ్ల కింద లావుపాటి దిండు.
– ఆపకుండా గంట నడక. నొప్పి వచ్చినా పూర్తి చేయాల్సిందే.
– యూరిక్ యాసిడ్ 6.4 వచ్చిందని పప్పులు, పాలకూర, టమాటా పూర్తిగా మానేయడం.

పసుపు మోతాదు పెంచాలా? గ్లూకోసమైన్, కొల్లాజెన్ లాంటివి కొనవచ్చా? పథ్యం సరైనదేనా? ఏ వ్యాయామం ఎంతసేపు చేయించాలో కొలతలతో చెప్పగలరా?

---

తొడకండరం

మీరు రాసిన లక్షణాలు అరుగుదల నొప్పికి సరిపోతున్నాయి. పొద్దుటి బిగుతు అరగంటలోపే వదలడం, వాడకం ఎక్కువైన కొద్దీ నొప్పి పెరగడం దానికి గుర్తులు. అందుకే ధైర్యంగా వివరాల్లోకి వెళ్తున్నాను.

ముందు ఈ రాత్రి నుంచే ఆపాల్సింది: బామ్ మీద హీటింగ్ ప్యాడ్. చాలా బామ్‌లలో ఉండేవి మిథైల్ శాలిసిలేట్, మెంథాల్. వాటి మీద వేడి పెట్టినా, గట్టిగా కట్టు కట్టినా మందు చర్మంలోకి మామూలుకన్నా ఎక్కువగా దిగి, బొబ్బలెక్కేంత కాలిన గాయాలవుతాయి. మెంథాల్ చల్లదనం వల్ల ప్యాడ్ ఎంత వేడిగా ఉందో తెలియదు. షుగర్ ఉన్నవాళ్లకి స్పర్శ తగ్గి ఉంటే ఇంకా ప్రమాదం. పైగా నెలల తరబడి ఒకేచోట వేడి తగిలితే చర్మం మీద వల పరిచినట్టు గోధుమరంగు గీతలు పడతాయి. అమ్మగారి మోకాళ్లు ఒకసారి వెలుతురులో చూడండి.

కాపడం మంచిదే, కాని పద్ధతిగా. బామ్ లేని పొడి చర్మం, మధ్యలో ఒక మడత టవల్, 15 నుంచి 20 నిమిషాలు, మెలకువగా ఉన్నప్పుడే. వేడి ఎంతుందో స్పర్శ బాగా ఉన్న మరొకరు ముంజేయి లోపలివైపు పెట్టి చూసి ఇవ్వాలి. పొద్దున బిగుతుకి, వ్యాయామానికి ముందు వేడి పనికొస్తుంది. సాయంత్రం ఉబ్బినప్పుడు మాత్రం చల్లటిదే. ఐస్ ప్యాక్‌ని పలుచటి గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టి, మధ్యలో ఒకసారి చర్మం చూడండి. ఉబ్బి వెచ్చగా ఉన్న కీలు మీద వేడి పెడితే రక్తప్రసారం పెరిగి వాపు ఎక్కువవుతుంది.

రెండోది దిండు. పడుకున్నప్పుడు హాయిగానే ఉంటుంది, ఎందుకంటే వాచిన మోకాలికి కొంచెం వంగి ఉండటమే సుఖం. కాని రాత్రంతా అలా వంచి ఉంచితే కొన్ని వారాల్లో మోకాలు పూర్తిగా చాపడం పోతుంది. చాపలేని మోకాలితో నడిస్తే తొడ ముందు కండరానికి నిలబడ్డంతసేపూ విశ్రాంతి ఉండదు, నొప్పి ఇంకా పెరుగుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు చాపించి, మోకాలి వెనక మీ చెయ్యి దూర్చి చూడండి. కుడివైపు సందు ఎడమకన్నా ఎక్కువుంటే అప్పటికే బిగుసుకోవడం మొదలైనట్టు. అలాగైతే చుట్టిన టవల్‌ని మడమ కింద పెట్టి, మోకాలిని గాల్లో వదిలేసి 5 నిమిషాలు ఉంచాలి, రోజుకు రెండు మూడుసార్లు. పక్కకి తిరిగి పడుకునే అలవాటుంటే దిండు రెండు మోకాళ్ల మధ్య పెట్టుకోవచ్చు, దానివల్ల నష్టం లేదు.

వ్యాయామం. మోకాలికి అసలు ఆధారం తొడ ముందు కండరం. నొప్పి వల్ల దాన్ని వాడటం తగ్గుతుంది, వాడకపోతే సన్నబడుతుంది, సన్నబడితే అడుగు పడినప్పుడు అదురంతా నేరుగా కీలుకి చేరుతుంది. ఈ చుట్టు తెంచాలంటే ఇలా మొదలుపెట్టండి:

1. కాలు చాపి కూర్చుని మోకాలి కింద చిన్న టవల్ చుట్ట పెట్టాలి. మోకాలి వెనక భాగంతో టవల్‌ని కిందికి నొక్కి 5 సెకన్లు పట్టి ఉంచి వదలాలి. సరిగ్గా చేస్తే మోకాలి చిప్ప కొద్దిగా తొడవైపు జరగడం కంటికి కనిపిస్తుంది. చిప్ప కదలకుండా పిర్రలు మాత్రం బిగుస్తుంటే పని తప్పు కండరం చేస్తోందన్నమాట. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు విడతలు. వారం తర్వాత పట్టి ఉంచేది 10 సెకన్లకి పెంచండి.

2. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడవాలి. రెండో కాలు నిటారుగా, వేళ్లు తనవైపు లాగి, 30 సెంటీమీటర్లు పైకెత్తి 5 సెకన్లు ఆపి మెల్లగా దించాలి. 10 సార్లు. ఎత్తేటప్పుడు మోకాలు కాస్త వంగిపోతుంటే ఆ కండరానికి ఇంకా బలం చాలలేదు, మళ్లీ మొదటిదానికే వెళ్లాలి. అంతకన్నా ఎత్తు లేపితే లాభం లేదు, నడుం పట్టేస్తుంది.

3. చేతులాన్చకుండా కుర్చీలోంచి లేవడం. సీటు సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తుండాలి, కుర్చీ గోడకి ఆని ఉండాలి. లేవలేకపోతే సీటు మీద గట్టి మెత్త వేసి ఎత్తు పెంచండి. పాదాలు మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకి వంగి లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా 3 సెకన్లు లెక్కపెడుతూ దిగాలి. బలం ఎక్కువగా వచ్చేది ఆ దిగడంలోనే. 8 సార్లతో మొదలుపెట్టి రెండు విడతలు, వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం.

ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. బయటికి అంకెలు లెక్కపెట్టిస్తే ఆ సమస్య ఉండదు.

నొప్పి ఎంతవరకు భరించవచ్చో తెలియక చాలామంది అటో ఇటో పోతారు. చేస్తున్నప్పుడు పదికి నాలుగైదు వరకు నొప్పి ఉన్నా ఫరవాలేదు. ఆపాక రెండు గంటలైనా మామూలు స్థాయికి రాకపోయినా, మర్నాడు పొద్దున వాపు కనిపించినా మోతాదు ఎక్కువైనట్టు. పూర్తిగా మానొద్దు, సంఖ్య సగానికి తగ్గించండి. గంట నడకని కూడా ఈ లెక్కనే 20 నిమిషాల చొప్పున మూడు ముక్కలు చేయండి. కీలులో ఎముకల చివర్లని కప్పి ఉండే మెత్తటి పొరకి (మృదులాస్థి) రక్తనాళాలు లేవు. కీలు మీద బరువు పడి తగ్గుతున్నప్పుడే చుట్టూ ఉన్న ద్రవంలోంచి దానికి పోషకాలు అందుతాయి. అందుకే మంచం పట్టడం కూడా తప్పే. తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో "ఏం తగ్గలేదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

---

కొలత_చెంచా

వ్యాయామం గురించి పైన చెప్పాల్సింది చెప్పేశారు. నేను తిండి సంగతి రాస్తాను, అక్కడే ఈ ఇంట్లో పెద్ద పొరపాటు జరుగుతోంది.

యూరిక్ యాసిడ్ 6.4 అంటే గౌట్ (యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీళ్లలో పేరుకుని వచ్చే నొప్పి, వాపు) కాదు. ఆ స్ఫటికాలు పేరుకోవడం మొదలయ్యేది రక్తంలో యూరిక్ యాసిడ్ సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటాక. దాటినవాళ్లలో కూడా చాలామందికి గౌట్ రాదు. గౌట్ నొప్పి ఒక్క రాత్రిలో, ఎక్కువగా కాలి బొటనవేలి మొదట్లో, దుప్పటి తగిలినా ఓర్వలేనంతగా వస్తుంది. మీరు చెప్పినది అలాంటిది కాదు. పైగా ఆ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ యూరిక్ యాసిడ్‌ని పెంచుతుంది, తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా అంతే. ఈ సంగతి డాక్టర్‌తో చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు.

నిజంగా గౌట్ ఉన్నా పప్పులు, పాలకూర మానాల్సిన పని లేదు. మొక్కల నుంచి వచ్చే ప్యూరిన్లతో (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) గౌట్ ముప్పు పెరగలేదని పెద్ద పరిశీలనల్లో తేలింది. ముప్పు పెంచేవి మాంసం, అందులోనూ కాలేయం వంటి లోపలి అవయవాలు, కొన్ని రకాల చేపలు, మద్యం (బీరు మరీను), చక్కెర కలిపిన శీతల పానీయాలు. ఒక్కసారిగా కడుపు మాడ్చుకున్నా పెరుగుతుంది. గౌట్ ముదిరినవాళ్లకి పథ్యం ఒక్కదానితో తగ్గేది ఒక మిల్లీగ్రాము చుట్టుపక్కలే, మిగతాది మందు చేయాలి. టమాటా, బంగాళదుంప, వంకాయ జాతి కూరగాయలు కీళ్లను పాడుచేస్తాయన్న మాటకీ ఆధారం లేదు. తిన్నప్పుడల్లా నొప్పి పెరుగుతోందని గట్టిగా అనిపిస్తే రెండు వారాలు మాని, మళ్లీ తిని చూడండి. తేడా లేకపోతే ఆ అనుమానం వదిలేయవచ్చు.

పప్పులు మానితే వచ్చిన నష్టం ఏమిటంటే, మాంసకృత్తులు పడిపోయాయి. ఒకవైపు తొడ కండరం పెంచాలని వ్యాయామం చేయిస్తూ ఇంకోవైపు దానికి ముడిసరుకు ఆపేస్తున్నారు. కిడ్నీ పరీక్షలు మామూలుగా ఉంటే ఆమెకి రోజుకు 65 నుంచి 75 గ్రాములు కావాలి. ఉడికిన పప్పు ఒక కప్పులో దాదాపు 18 గ్రాములు, గుడ్డులో 6, గ్లాసు పాలలో 8, వంద గ్రాముల చేపలో 20. ఒక్క పూటే అంతా తినకుండా మూడు పూటలకీ 20 నుంచి 25 చొప్పున పంచండి. సాధారణంగా ఖాళీగా ఉండేది పొద్దుటి పూట, ముందు దాన్ని సరిచేయండి. మానేసిన పప్పులు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పావు కప్పుతో మొదలెట్టి పెంచితే కడుపుబ్బరం ఉండదు.

ఇక బరువు. ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు మోకాలి మీద పడే భారం అడుగుకి సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. 76 కిలోల మనిషికి 5 శాతమంటే 3.8 కిలోలు, అంటే అడుగడుగునా 15 కిలోల భారం తగ్గినట్టు. వంటింట్లో దొరికే ఏ దినుసూ ఇంత పని చేయదు. 10 శాతం దాకా వెళ్తే నొప్పిలో మార్పు ఇంకా స్పష్టంగా ఉంటుంది.

వారానికి అరకిలో చాలు. దానికి రోజూ 500 కేలరీలు తగ్గాలి. వెతకాల్సిన చోటు నూనె, చక్కెర. ఒక టేబుల్ చెంచా నూనె (15 మిల్లీలీటర్లు) 120 కేలరీలు. సీసాతో వంచి పోసే అలవాటు మాని చెంచాతో కొలిచి పోయండి, ఎంత పడుతోందో మీకే తెలుస్తుంది. రోజుకు నాలుగు కప్పుల టీ, కప్పుకి రెండు చెంచాల చక్కెర అంటే దాదాపు 130 కేలరీలు. పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం మాంసకృత్తులు, పావు భాగం అన్నమో రొట్టెనో ఉండేలా చూడండి. పూట మానడం వద్దు, కండరానికి కావాల్సిన మాంసకృత్తులు తగ్గిపోతాయి.

ముఖ్యమైన జాగ్రత్త: గ్లిమిపిరైడ్ వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఒక్కసారిగా ఆకలి, తికమక కనిపిస్తే పరీక్షించండి. 70 కన్నా తక్కువుంటే మూడు నాలుగు టీచెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. అందుకే పథ్యం మొదలుపెట్టే ముందే డాక్టర్‌కి చెప్పి, మాత్ర తగ్గించాలేమో అడగండి.

---

పొడి_చీటీ

మందులు, పొడుల లెక్క నాది.

పసుపు: పసుపులో పనిచేసే పదార్థం కర్క్యుమిన్, పొడిలో అది ఉండేది సుమారు 3 శాతం. అర టీచెంచా ఒకటిన్నర గ్రాములనుకుంటే అందులో 45 మిల్లీగ్రాములు. మోకాలి నొప్పి మీద జరిగిన పరీక్షల్లో వాడింది రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల చుట్టుపక్కల, అదీ సారం తీసిన గుళికలు. పాలల్లో పసుపుతో ఆ మోతాదు రావాలంటే రోజుకు 30 గ్రాములకు పైగా తాగాలి, ఎవరివల్లా కాదు. కాబట్టి పాలు తాగితే తాగనివ్వండి, మందు అనుకోవద్దు. గుళికలతో కొందరికి కొంత ఉపశమనం ఉన్నా, మిరియాల్లోని పైపెరిన్ కలిపి బాగా ఒంటబట్టేలా చేసిన రకాలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు వాటి జోలికి వెళ్లకూడదు. మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపాలి. అల్లం కూడా అంతే: కొద్దిపాటి ఉపశమనం, ఎక్కువైతే గుండెల్లో మంట.

గ్లూకోసమైన్: 2006లో వచ్చిన పెద్ద అమెరికన్ పరీక్షలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగు అనిపించుకోలేదు. 2019 నాటి అమెరికన్ రుమటాలజీ మార్గదర్శకాలు మోకాలి అరుగుదలకి వాడొద్దనే చెప్పాయి. అయినా వాడి చూడాలనిపిస్తే రోజుకు 1500 మిల్లీగ్రాముల సల్ఫేట్ రకం మూడు నెలలు చూసి, తేడా లేకపోతే ఆపేయండి. రొయ్యలు, పీతలు పడనివాళ్లు దూరంగా ఉండాలి. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లకీ పనికిరాదు. కొల్లాజెన్ పొడి కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, తిన్నది తిన్నట్టు మోకాలికి వెళ్లదు. ఆ డబ్బుతో గుడ్లూ పప్పులూ కొనడం మేలని నా అభిప్రాయం.

పైపూతల్లో నిజంగా నమ్మదగినది డైక్లోఫెనాక్ జెల్. పనిచేయలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది బఠాణీ గింజంత రాసి వదిలేస్తారు. 1 శాతం జెల్ అయితే ఒక్కో మోకాలికి విడతకి 4 గ్రాములు, రోజుకు నాలుగుసార్లు. అట్టపెట్టెలో కొలత కార్డు ఉంటే దాని మీద గీత దాకా పిండి కొలవండి. మోకాలి చుట్టూ, వెనక కూడా రాయాలి. రాశాక గంటసేపు తడపకూడదు, వేడి, కట్టు పెట్టకూడదు, బామ్ కలపకూడదు. వారం వాడితేగాని ఫలితం తేల్చలేం. మూడు వారాలు దాటి వాడాలంటే డాక్టర్‌ని అడగాలి. కిడ్నీ జబ్బు ఉంటే మొదటిరోజే అడగాలి.

దీనికి బదులు నొప్పి మాత్రలు మింగుదామనుకుంటే ఆగండి. టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ మీద ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్ర పడితే మూడూ కలిసి కిడ్నీని దెబ్బతీస్తాయి. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిన రోజున మరీ ప్రమాదం.

మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. పాదాల్లో తిమ్మిర్లుంటే బి12, దాంతోపాటు విటమిన్ డి చూపించండి. డి తక్కువైతే ఎముకలు, కండరాలు నొప్పులు పెడతాయి. అది సరిచేస్తే ఆ నొప్పులు తగ్గుతాయి గాని అరిగిన మృదులాస్థి తిరిగి రాదు. వారానికోసారి వేసుకోవాల్సిన పెద్ద మోతాదు డి రోజూ వేసుకుని కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలయ్యేవాళ్లున్నారు. చీటీ మీద ఎన్ని రోజులకోసారి అని రాసుందో రెండుసార్లు చదవండి.

---

పులుపు_వద్దు

పులుపు మానితే కీళ్లనొప్పులు తగ్గుతాయని పెద్దలంటారు. ఎప్సమ్ సాల్ట్ వేసిన వేడినీళ్లలో కాళ్లు పెట్టినా, నూనె మర్దన చేసినా బాగా పనిచేస్తుంది. వీటి గురించి ఎవరూ రాయలేదేం?

---

తొడకండరం

మర్దన మంచిదే. ఏ నూనె అన్నది పెద్ద విషయం కాదు, అది కీలు లోపలికి వెళ్లదు. చెయ్యి జారడానికి నూనె, బిగిసిన తొడ, పిక్క కండరాలు వదలడానికి చెయ్యి. 10 నిమిషాలు తొడ మీద, పిక్క మీద చేయండి, చిప్పని మాత్రం గట్టిగా నలపొద్దు. ఒక్క కాలి పిక్కే వాచి, వెచ్చగా ఉండి నొక్కితే నొప్పి పెడుతుంటే అసలు మర్దన చేయకూడదు. అది సిరలో గడ్డ కట్టిన రక్తం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎప్సమ్ సాల్ట్‌లోని మెగ్నీషియం చర్మంలోంచి చెప్పుకోదగ్గంత లోపలికి వెళ్తుందనడానికి సరైన రుజువు లేదు. హాయినిచ్చేది గోరువెచ్చటి నీళ్లే. షుగర్ ఉన్నవాళ్లు పాదంతో వేడి చూడకూడదు, మోచేత్తో చూడాలి. పులుపుకీ కీళ్లకీ సంబంధం లేదు. నిమ్మజాతి పళ్లు మాని విటమిన్ సి పోగొట్టుకోవడం తప్ప లాభం లేదు.

---

మెట్ల_మీద

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. బామ్, దిండు ఆపేయిస్తున్నాను. ఇంకో మూడు ప్రశ్నలు. చేతికర్ర కుడిచేత్తో పట్టుకుంటుంది, సరైనదేనా? చేప తినదు, ఒమేగా-3 కోసం అవిసెగింజలు చాలా? తెలిసినవాళ్లు పేరూ చీటీ లేని మూలికా మాత్రలు ఇచ్చారు, మూడు రోజుల్లో నొప్పి పోతుందట.

---

తొడకండరం

కర్ర ఎడమచేతికి మార్చండి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమచేతిలో ఉండి, కుడికాలితో పాటే ముందుకి పడాలి. ఎత్తు కొలవడం ఇలా: చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే, కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. అంతకన్నా ఎత్తుంటే భుజం పట్టేస్తుంది, పొట్టిదైతే మనిషి పక్కకి ఒరుగుతుంది. అడుగున రబ్బరు అరిగితే వెంటనే మార్చాలి. మెట్లెక్కేటప్పుడు ముందు బాగున్న కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు.

---

పొడి_చీటీ

ఆ మాత్రలు వేయించొద్దు. పేరు లేని మూలికా మాత్రల్లో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ కలిపినవి ఎన్నోసార్లు పరీక్షల్లో పట్టుబడ్డాయి. మూడు రోజుల్లో నొప్పి పోవడమే అనుమానించాల్సిన గుర్తు. షుగర్ హఠాత్తుగా పెరగడం, ముఖం ఉబ్బడం, ఆకలి పెరగడం, బీపీ అదుపు తప్పడం తర్వాత వస్తాయి. ఇప్పటికే కొన్ని వారాలుగా వాడుతున్నవాళ్లుంటే ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయి ఉంటుంది కనుక నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం జరగవచ్చు. మాత్రలు చేత పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అవిసెగింజల్లో ఉన్న ఒమేగా-3 వేరే రూపం. కీళ్ల వాపు మీద పనిచేసే రూపంలోకి ఒంట్లో మారేది చాలా స్వల్పం. రోజుకు ఒక టేబుల్ చెంచా పొడి చేసి తింటే పీచుపదార్థం వస్తుంది, ఆ మేరకు మంచిదే. గింజలు అలాగే మింగితే అరగకుండా బయటికి పోతాయి. చేపనూనె ప్రయోజనం ఎక్కువగా కనిపించింది రుమటాయిడ్ కీళ్లవాతంలో (ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద దాడి చేసే జబ్బు), అదీ రోజుకు సుమారు 3 గ్రాముల ఈపీఏ, డీహెచ్‌ఏతో (చేపనూనెలోని ఒమేగా-3 రూపాలు) రెండు మూడు నెలలు వాడాక. మామూలు వెయ్యి మిల్లీగ్రాముల గుళికలో ఆ రెండూ కలిపి 300 మిల్లీగ్రాములే ఉంటాయి. సీసా ముందువైపు అంకె కాకుండా వెనకవైపు అంకె చూడాలి. మీ అమ్మగారి అరుగుదలకి దీనికోసం హైరానా పడక్కర్లేదు.

---

వేళ్ల_బిగుతు

ఇదే చర్చలో అడుగుతున్నాను. 42 ఏళ్ల స్త్రీకి రెండు చేతుల వేళ్ల మొదళ్లు, మణికట్లు రెండు నెలలుగా వాచి ఉన్నాయి. పొద్దున గంటన్నర దాకా పిడికిలి బిగించలేదు. వేడినీళ్లు, పసుపు, నడక సరిపోతాయా?

---

కొలత_చెంచా

సరిపోవు. ఇది వేరే జబ్బు కావచ్చు. రెండువైపులా చిన్న కీళ్లు, ఆరు వారాలు దాటిన వాపు, గంటకు మించిన పొద్దుటి బిగుతు అంటే రుమటాయిడ్ కీళ్లవాతం ఉందేమో వెంటనే చూపించాలి. రుమటాలజిస్టు (కీళ్లవాతం చూసే డాక్టర్) దగ్గరికి ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు రాస్తారు. ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. ఈ జబ్బు మొదటి నెలల్లోనే ఎముకని తినడం మొదలుపెడుతుంది, నొప్పి తగ్గించే చిట్కా ఏదీ దాన్ని ఆపదు. ఈ జబ్బుకి వాడే మందు మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు, అందుకని వారంలో ఏ రోజో డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. చేప, గోరువెచ్చటి నీళ్లు, వ్యాయామం మందుకి తోడుగా ఉండవచ్చు.

ఇంకొకటి, ఇది అందరికీ. ఒకే ఒక్క కీలు హఠాత్తుగా ఎర్రబడి, వాచి, కాలిపోతూ జ్వరం కూడా ఉంటే, లేదా పడ్డాక కాలు మోపలేకపోతే కాపడాలూ పూతలూ పక్కనపెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టి ఉంటే రోజుల వ్యవధిలోనే మృదులాస్థి నాశనమవుతుంది.

---

మెట్ల_మీద

అర్థమైంది. మార్పు వస్తోందో లేదో ఇంట్లో ఎలా కొలవాలి? రోజూ అడిగితే "అలాగే ఉంది" అంటుంది.

---

తొడకండరం

నొప్పి గురించి రోజూ అడగొద్దు, అడిగిన కొద్దీ మనసు దాని మీదే ఉంటుంది. కుర్చీ పరీక్ష చేయండి. 45 సెంటీమీటర్ల కుర్చీ గోడకి ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టండి. చేతులు ఆన్చితే సున్నా. 60 నుంచి 64 ఏళ్ల స్త్రీలకి 12 కన్నా తక్కువ వస్తే సగటుకన్నా తక్కువ బలం ఉన్నట్టు. పక్కన ఒకరు నిలబడి ఉండాలి.

ఆ అంకె, పొద్దుటి బరువు, మోకాలి చిప్ప మధ్యలో టేపుతో కొలిచిన చుట్టుకొలత, మెట్లు దిగేటప్పుడు నొప్పి పదికి ఎంత, ఈ నాలుగూ ఒక కాగితం మీద తేదీతో రాయండి. బరువు వారానికోసారి, మిగతావి రెండు వారాలకోసారి, అదే వేళకి. చుట్టుకొలత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీయండి. రెండింటి మధ్య తేడా తగ్గుతూ వస్తే నడక మోతాదు సరిపోయిందని తెలుస్తుంది. ఆరు వారాలకి కుర్చీ అంకె ఒక్కటి కూడా పెరగకపోతే ఆ కాగితం పట్టుకుని ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లండి, ఎక్కడ తప్పు చేస్తోందో కళ్లతో చూసి చెప్తారు.